ఎడమవైపు అంకెలు

ఆ ప్రకటన అందరికంటే ముందు అతని చేతికే వచ్చింది.

అతను ఒక అచ్చాపీసులో ప్రూఫ్ రీడరు. చేరి పద్దెనిమిదేళ్ళయింది. ఒకసారి పాత పుస్తకమేదో తిరిగి అచ్చువేస్తుంటే, ఎగిరిపోయిన అరసున్నలన్నీ ఏరి ఏరి వాటి చోట్లలో కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఆఫీసులో అందరికీ అతను ‘అరసున్న’ అయిపోయాడు. జీతం తీసుకునేటప్పుడు తప్ప తన అసలు పేరు తనకే గుర్తుండేది కాదు.

ఆ రోజు బల్ల మీదికి వచ్చిన కాగితం ఒక పరిశోధనా కేంద్రం వాళ్ళది. ‘ఆరోగ్యవంతులైన వయోజనలు కావలెను’ అని ఉంది. న కి కొమ్ము పెట్టి ‘వయోజనులు’ చేశాడు. రెండో వాక్యంలో కామా తీసేశాడు. మూడో వాక్యంలో ఆ కొత్త మందు ఏ జబ్బుకో రాసి ఉంది. అక్కడ పెన్సిలు ఆగిపోయింది.

అది వాళ్ళక్క జబ్బు.

నరాల మీది పొర కొంచెం కొంచెంగా ఊడిపోయే జబ్బు అది. అక్క అతనికంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ మిల్లులో పనికి పోయేది కాబట్టి అతన్ని చంకనేసుకుని బడికి వెళ్ళిందీ, అక్షరాలు దిద్దించిందీ అక్కే. తర్వాత లెక్కల టీచరయింది. నాలుగేళ్ళ కిందట పాఠం చెబుతూ ఉండగా చేతిలోంచి సుద్దముక్క జారి పడింది. వంగి తీసుకుంది. మళ్ళీ జారింది. మూడోసారి పిల్లలు నవ్వారు, ఆవిడా నవ్వింది. మరుసటేడు చేతికర్ర వచ్చింది, ఆ పై ఏడు చక్రాల కుర్చీ. ఇప్పుడు చేతులు భుజాల దాకా లేస్తాయి, అంతకు పైకి లేవవు.

అతను కాగితం సరిచేసి పంపేశాడు. మధ్యాహ్నం బయటికి వెళ్ళి, తను దిద్దిన ఫోన్ నంబరుకే ఫోన్ చేశాడు.

పరీక్షలన్నీ మూడు రోజుల్లో అయిపోయాయి. రక్తం తీశారు, గుండె చూశారు, గొట్టంలోకి ఊదించారు, ఒంటికాలి మీద నిలబెట్టారు. “నలభై మూడేళ్ళ మనిషికి ఇంత శుభ్రమైన రిపోర్టు ఈమధ్య చూడలేదు” అంది డాక్టరు. యాభై దాటిన సన్నటి మనిషి, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతూ ఉంటుంది. ఆ మాటకి అతనికి సంతోషం వేయలేదు, సిగ్గేసింది. ఒకే కడుపున పుట్టారు. ఒక ఒళ్ళు శుభ్రంగా ఉంది, ఇంకొకటి చెడిపోతోంది.

అంగీకార పత్రం పంతొమ్మిది పేజీలు. డాక్టరు ఒక్కో పేరా చదివి, అర్థమైనది సొంత మాటల్లో చెప్పమనేది. అతను చెబుతూనే, చెయ్యి ఊరుకోక, పెన్సిలుతో తప్పులు దిద్దుతూ పోయాడు.

“ఏంటండీ అది?”

“‘సంభవించ వచ్చు’ కలిపి రాయాలండీ. విడగొట్టారు.”

డాక్టరు నవ్వింది. “పదకొండు మంది కమిటీ చదివిన కాగితం అది. ఒక్కరికీ కనపడలేదు చూశారా.” తర్వాత నవ్వు ఆపి, “మొదట ఇద్దరికే ఇస్తాం. ఒకరికి మందు, ఇంకొకరికి ఉత్తి మాత్ర. ఎవరికేదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఒక రోజంతా చూసి, ఇద్దరూ బాగుంటేనే మిగిలిన ఆరుగురికీ ఇస్తాం. మీకు ఏ చిన్న తేడా అనిపించినా వెంటనే చెప్పాలి. చీమ కుట్టినట్టున్నా సరే. ఇంతకీ ఎందుకు చేరుతున్నారు మీరు?” అని అడిగింది.

“సైన్సంటే ఇష్టమండీ.”

ఆవిడ అతని వైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది గాని, ఇంకేమీ అడగలేదు. మొదటి ఇద్దరిలో తను ఉంటానని అతనే అన్నాడు. అక్కతో మాత్రం, పెద్ద పుస్తకం పనిమీద వారం రోజులు పొరుగూరు వెళ్తున్నానని చెప్పాడు.

వార్డులో ఎనిమిది మంచాలు. అందరికీ ఒకే రకం నీలం బట్టలు, తలుపుకెదురుగా గోడకి పళ్ళెమంత గడియారం, కిటికీలోంచి చూస్తే బళ్ళు నిలిపే స్థలం. అన్నం తూచి పెట్టేవారు, పెట్టినదంతా తినాలి. మొదటి మంచం మీద ఈత నేర్పే మాస్టారు, రెండోది ఇతనిది, మూడోది సెలూన్‌లో పనిచేసే ఒక కుర్రాడిది. కుర్రాడంటే ముప్ఫై రెండేళ్ళవాడు, కానీ నోరు మాత్రం పద్నాలుగేళ్ళది. వార్డులో అందరి తలలూ చూసి, ఎవరు ఇంట్లో పెళ్ళానికి భయపడతారో చెప్పేశాడు.

“నా తలేం చెబుతోంది?” అన్నాడు ప్రూఫ్ రీడరు.

“పాపిడి గీత గీసినట్టుంది అన్నా. నీకు రాత్రి కలలో కూడా తప్పులే కనపడతాయి.”

ఎందుకొచ్చావని అడిగితే ఆ కుర్రాడు కాసేపు నిజంగానే ఆలోచించాడు. “మా అమ్మకి ఊపిరితిత్తులు చెడిపోతే ఏదో మందేసి బతికించారు. ఆ మందుని ముందు ఎవడో ఒకడు మింగే ఉంటాడు కదన్నా. వాడెవడో నాకు తెలీదు. వాడి బాకీ నాకుండిపోయింది.”

మర్నాడు పొద్దున ఏడింటికి పెద్ద నర్సు ఈత మాస్టారికీ అతనికీ చెరో మాత్ర ఇచ్చింది, కొలిచిన గ్లాసుడు నీళ్ళిచ్చింది. నోరు తెరిపించి, నాలుక పైకెత్తించి, టార్చి వేసి చూసింది. ఆ తర్వాత అరగంటకోసారి రక్తం తీస్తూ పోయింది. ఛాతీ మీద అంటించిన తీగలు పక్కనున్న తెర మీద గీతలు గీస్తూనే ఉన్నాయి.

పదకొండు దాటింది. అతను పేపరు చదువుతున్నాడు. ‘ప్రభుత్వాసుపత్రి’ అన్నచోట ‘సుపత్రి’ అని మాత్రమే ఉంది. ఎవడో తప్పు వేశాడనుకున్నాడు. తర్వాతి మాటా అంతే. ఆ తర్వాతదీ అంతే. ఏ మాట మీద చూపు నిలిపినా దాని ఎడమ సగం లేదు. తలెత్తి గడియారం చూశాడు. పన్నెండు నుంచి ఆరు దాకా అంకెలున్నాయి. అవతలివైపు ఏమీ లేదు. నల్లగా లేదు, మసకగా లేదు, అక్కడ గడియారం అనేదే లేదు. పెద్ద ముల్లు ఒక్కటే రెండు మీద ఉంది.

ముల్లునే చూస్తూ కూర్చున్నాడు. అది మూడు దాటింది, నాలుగు దాటింది, ఐదు దాటింది.

“ఏమైనా తేడాగా ఉందా?” అని చెవి పక్కనే గొంతు వినపడేసరికి అదిరిపడ్డాడు. నర్సు ఎడమవైపునుంచి వచ్చింది. వచ్చిందని అతనికి తెలియనే లేదు.

“తలనొప్పి? కళ్ళు తిరగడం? వాంతి వచ్చేలా ఉండటం?”

“ఏమీ లేదండీ.”

“ఉలిక్కిపడ్డారేం మరి?”

“ఏదో ఆలోచనలో ఉన్నా.”

ఆవిడ కాగితం మీద రాసుకుంది. తెర మీద గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటోంది, అంతే. సూది గుచ్చేటప్పుడు అందరికీ అలాగే కొట్టుకుంటుంది. ఆవిడ వెళ్ళిన కాసేపటికి గడియారంలో ఏడు కనిపించింది, దాని మీద పెద్ద ముల్లు కనిపించింది. ఆ తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది, అన్నీ తిరిగొచ్చాయి. పేపర్లో ‘ప్రభుత్వాసుపత్రి’ నిండుగా ఉంది.

తనకు పడింది ఉత్తి మాత్ర కాదని అతనికి అప్పుడే తెలిసిపోయింది. తెలిసీ, తెలియనట్టుండటానికి వంద దారులు వెతుక్కున్నాడు. రాత్రి సరిగా నిద్రపట్టలేదు. పొద్దున్నించి కాఫీ లేదు. పద్దెనిమిదేళ్ళు చిన్న అక్షరాలు చూసి చూసి కళ్ళు అలిసిపోయి ఉంటాయి. పోనీ మందు వల్లే అనుకున్నా, వచ్చింది, పోయింది కదా. తను ఒక్క మాట అంటే ఇదంతా ఆపేస్తారు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతారో, అసలు పెడతారో లేదో. అక్క చేతులు ఆలోగా ఎంత దాకా దిగిపోతాయో. సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి ఎడమవైపు మాయమై పది నిమిషాల్లో తిరిగొచ్చింది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు నటించాడు.

ఆరింటికి డాక్టరు వచ్చి కళ్ళలో లైటు వేసి చూసింది, తన వేలు ఎటు పోతే అటు చూడమంది. అప్పటికి అంతా సవ్యంగానే ఉంది. ఈత మాస్టారికీ ఏమీ లేదు. “బాగుంది. రేపు ఏడింటికి మిగిలిన ఆరుగురికీ ఇచ్చేద్దాం” అని నర్సుతో అంటూ వెళ్ళిపోయింది. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

సెలూన్ కుర్రాడు మంచం మీంచి ఇటు ఒరిగాడు. “అన్నా, నీకేం కాలేదు కదా?”

“లేదు.”

“అది చాలు. నేను డాక్టరమ్మ మొహం చూడట్లేదు, ఆ మిషన్లూ చూడట్లేదు. పొద్దున్నించీ నీ మొహమే చూస్తున్నా.”

తెల్లవారాక ఆరుగురూ ఖాళీ కడుపులతో మంచాల మీద వరసగా కూర్చున్నారు. సెలూన్ కుర్రాడు, తను పని నేర్చుకునే రోజుల కథ చెబుతున్నాడు. మొదట్లో బుడగకి నురగ పూసి గీయమనేవారట. బుడగ పగలకుండా నురగ తీసినవాడికే మనిషి గడ్డం ఇచ్చేవారట. “గొంతుముడి దగ్గర మాత్రం ఇప్పటికీ ఊపిరి బిగబడతానన్నా. కన్ను అటూ ఇటూ తిప్పను. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే ఇంకేముంది.”

నర్సు ట్రే తీసుకుని లోపలికి వచ్చింది. ఆరు చిన్న కప్పులు, ఒక్కోదాని మీద నంబరు.

ప్రూఫ్ రీడరి మనసులో, సెలూన్ కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చున్న మనిషి కనిపించాడు. ఆ మనిషి గొంతుమీద కత్తి ఉంది. కత్తి పట్టినవాడి చూపులో ఎడమవైపు లేదు.

లేచి నిలబడ్డాడు. ఛాతీ మీది తీగలు సాగి, పక్కనున్న మిషన్ కీచుమంది.

“ఆపండి” అన్నాడు. “ఇవ్వకండి. నాకు నిన్న చూపు పోయింది. సగం పోయింది. రెండుసార్లు.”

నర్సు ట్రేని ఎంత మెల్లగా కిందపెట్టిందంటే, కప్పులు ఒకదానికొకటి తగల్లేదు. సెలూన్ కుర్రాడు ట్రేలో తన నంబరున్న కప్పు వైపు చూశాడు.

డాక్టరు పరుగులాంటి నడకతో వచ్చింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది. “ఎన్నింటికి? ఎంతసేపు? ఏ వైపు? ఒక కంటికా, రెండిటికా?” అతను చెబుతూ ఉంటే రాసుకుంటూ పోయింది. చివరికి తలెత్తకుండానే, “నిన్న ఎందుకు చెప్పలేదు?” అంది.

“మా అక్కకి ఆ జబ్బేనండీ.”

కలం ఆగింది.

“చెబితే మీరు ఆపేస్తారు. ఆపితే ఇక...”

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళజోడు లేని మొహం బాగా అలిసిపోయి కనిపించింది. “ఆరేళ్ళుగా ఈ మందు వెనకే తిరుగుతున్నానండీ నేను. ఇది పనికొస్తుందని మీకంటే ఎక్కువగా నమ్ముకున్నాను. ఒక్కటి ఆలోచించండి. ఇది చివరికి మీ అక్కగారి చేతికే వెళ్ళేది. ఆవిడ మింగాక ఇలాగే సగం చూపు పోతే మేమేం అనుకునేవాళ్ళం? జబ్బు కళ్ళకి పాకిందనుకునేవాళ్ళం. మందు ఇంకాస్త పెంచేవాళ్ళం.”

అతను ఆవిడ వైపు చూడలేకపోయాడు.

“ఏ జబ్బూ లేనివాళ్ళని తెచ్చుకునేది అందుకేనండీ. మీలాంటి వాళ్ళకి ఏదైనా వస్తే, అది మందే చేసిందని తెలుస్తుంది. నిన్న పదకొండింటికే తెలియాల్సింది.” ఆవిడ గొంతులో కోపం ఉంది, అయినా అరవలేదు. “ఇవాళైనా చెప్పారు” అంటూ లేచింది. కప్పులున్న ట్రేని తనే తీసుకుని బయటికి వెళ్ళింది.

అతన్ని ఇంకో ఐదు రోజులు ఉంచుకున్నారు. తల ఫోటోలు తీశారు. చుట్టూ చిన్న చిన్న దీపాలు వెలిగే గిన్నెలాంటి దాంట్లో మొహం పెట్టించి, ఏది కనిపిస్తే అప్పుడు మీట నొక్కమన్నారు. చూపుకి శాశ్వతంగా ఏమీ కాలేదు. మూడోనాడు, ఎవరికేది ఇచ్చారో రాసి సీలు వేసిన కవరు తెరిచి చూశారు. అతనికి పడింది అసలు మందే. పరిశోధన ఆగిపోయింది.

ఇంటికి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం అక్క ఇంటికి వెళ్ళాడు. బావ అక్క వెనక నిలబడి జడ వేస్తున్నాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. “ఎంతటి మలుపైనా తిప్పుతా గానీ, ఈ మూడు పాయలు మాత్రం నాకు లొంగట్లేదురా” అన్నాడు. అక్క నవ్వుతోంది. జడ నడుం దాకా ఉంటుంది, మధ్యలో చిక్కుపడిపోయి ఉంది.

అతను నిలబడే అంతా చెప్పాడు. ఎక్కడా తనని వెనకేసుకురాలేదు. బావ చేతిలో జడ అలాగే ఉండిపోయింది.

“ఊరెళ్తున్నానని చెప్పావు” అంది అక్క.

“అవునక్కా.”

“మందు ఆగిపోయిందా?”

“ఆగిపోయింది.”

“నువ్వు చెప్పడం వల్లేనా?”

“నేను చెప్పడం వల్లే.”

అక్క గోడవైపు చూసింది. “ఇద్దరూ కాసేపు బయటికెళ్ళండి.”

మెట్ల మీద కూర్చున్నారు. బావ వేళ్ళకి చుట్టుకున్న వెంట్రుకలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు. తర్వాత, “ఆ మందు గురించి మీ అక్కకి ముందే తెలుసురా. ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. వచ్చే ఏడాదికల్లా జబ్బున్నవాళ్ళకి కూడా ఇచ్చి చూస్తారన్నారు. క్యాలెండరు అందకపోయినా, నాచేత నెలనెలా కాగితం తిప్పించుకుని చూస్తోంది” అన్నాడు.

గంట గడిచాక లోపలినుంచి పిలుపు వచ్చింది. అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఎన్ని గంటలు దాచావు?”

“ఇరవై.”

“ఇరవై గంటలు” అంది అక్క. “ఆ మంచాల మీదున్న వాళ్ళకీ అక్కలూ చెల్లెళ్ళూ ఉంటార్రా. నాకోసం వాళ్ళ కళ్ళు పణంగా పెట్టావు. నన్నొక్కమాట అడిగావా?”

అడగలేదని అతను తల అడ్డంగా ఊపాడు.

“నాకు కోపంగా ఉంది. నీ మీదో, ఆ మందు మీదో, ఈ చేతుల మీదో నాకే తెలీట్లేదు. తగ్గాక నేనే కబురుచేస్తా. అప్పటిదాకా రాకు.”

ఐదు వారాలయినా కబురు రాలేదు. అతను ప్రెస్సుకి వెళ్ళేవాడు, వచ్చేవాడు. ఒక పాఠ్యపుస్తకంలో పేజీ సంఖ్యే తప్పుగా పడినా పట్టుకోలేదు. యజమాని కేకలేయలేదు, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది.

ఆరో వారం సెలూన్ కుర్రాడు వెతుక్కుంటూ ప్రెస్సుకే వచ్చాడు. గది గుమ్మంలో నిలబడి, “ప్రూఫులు దిద్దే అన్న కావాలంటే, అరసున్న గారా అని లోపలికి పంపించారు. పేరు భలే ఉందన్నా” అన్నాడు. తర్వాత అన్నాడు: “మీ అక్కని చూడాలి.”

“నన్నే రావద్దంది.”

“నిన్ను రావద్దంది. నన్ను కాదుగా. చోటు చూపించి నువ్వు బయట నిలబడు.”

అలాగే చేశాడు. కిటికీ తెరిచి ఉంది. వాడు లోపలికి వెళ్ళి, తనెవరో, ఏ మంచం మీద ఉన్నాడో, ఏ కప్పు తనదో చెప్పడం వినిపించింది. అంతా విని అక్క అడిగింది.

“నీకు వాడి మీద కోపం లేదా?”

“ఉందక్కా. నీకేం కాలేదు కదా అని అడిగితే, లేదని అబద్ధం చెప్పాడు. ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.” కుర్చీ లాగిన చప్పుడయింది. “కానీ కప్పు నా మంచం దాకా రాకముందే లేచాడు. రెండూ ఆయనే చేశాడు. నేను రెండూ గుర్తుపెట్టుకున్నా.” తర్వాత, “ఆ జడేంటక్కా అలా ఉంది? ఎవరేశారు?” అన్నాడు.

“మా ఆయన.”

“బస్సు వైపరుతో దువ్వాడా?”

అక్క నవ్వు వినపడింది. ఆ తర్వాత, “తీసేయి. పొట్టిగా తీసేయి. ఎవరి చేతులతోనూ పని లేకుండా” అంది. కత్తెర చప్పుడు మొదలయింది. అది సాగుతుండగానే, కిటికీ వైపు గొంతు పెంచి, “ఎండలో నిలబడ్డావేంరా? లోపలికి రా” అంది.

అప్పటినుంచి సెలూన్ కుర్రాడు నెలకోసారి వచ్చి అక్క జుట్టు సరిచేసి వెళ్ళేవాడు. ఆ ఏడాది చివర్లో డాక్టరు ఉత్తరం రాసింది. ఆ మందు మెదడు వెనకభాగంలోని సన్నటి రక్తనాళాలని బిగించేస్తోందని తేలిందట. ఆ గుణం తీసేసి కొత్తగా తయారుచేయడానికి పూనుకున్నారట. ఎన్నేళ్ళు పడుతుందో చెప్పలేమని రాసింది. ఉత్తరం అక్కే చదువుకుంది. కాగితం పట్టుకోవడం తమ్ముడి పని.

మూడేళ్ళు పట్టింది. ఈలోగా అక్క కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవడం మానేసింది. మాట కొంచెం ముద్దగా వస్తోంది. కొత్త మందుకి మళ్ళీ ఆరోగ్యవంతులు కావాలన్న ప్రకటన కూడా అదే ప్రెస్సుకి వచ్చింది. ప్రూఫ్ రీడరు తప్పులు లేకుండా దిద్ది ఇచ్చాడు. అతను ఇక పనికిరాడు, ఒకసారి చూపు పోయినవాణ్ణి తీసుకోరు. సెలూన్ కుర్రాడు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి చేరాడు. చేరాకే ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం, బావ డ్యూటీలో ఉన్నాడు. తమ్ముడు ఫోన్‌ని అక్క చెవికి దగ్గరగా పట్టుకున్నాడు.

“అక్కా, పొద్దున మింగాను. ఈసారి మొదటివాణ్ణి నేనే. డాక్టరమ్మ నిన్ను అడిగానని చెప్పమంది.”

“ఎలా ఉంది నీకు?” అంది అక్క, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. “నిజం చెప్పు.”

“నాలుక చేదుగా ఉంది. ఎడమ మోచెయ్యి దురద పెడుతోంది. పదింటికి ఒకసారి తుమ్మాను. అన్నీ చెప్పేశాను, నర్సమ్మ రాయలేక తల పట్టుకుంది.”

“కళ్ళు?”

“కనిపిస్తోందక్కా. రెండువైపులా కనిపిస్తోంది. సాయంత్రం మళ్ళీ చెబుతా.”

అక్క సరేనంది. ఫోన్ పెట్టేశాక, తనని కిటికీ దగ్గరికి జరపమని తమ్ముడితో అంది. అతను కుర్చీ జరిపి, పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ఇంకా నాలుగు గంటలున్నాయి.